దాచుకున్నవాళ్ళకి దారివ్వని సందు

లోయలో గుహ చూడటానికని బయల్దేరి, నాందీ పట్నం దాటి కొండదారి ఎక్కేసరికి రోహిణి కడుపులో ఉన్న రెండూ ఇబ్బంది పెట్టడం మొదలుపెట్టాయి. ఒకటి పొద్దున తిన్న రొట్టె. రెండోదాని సంగతి ఆవిడకీ, బా ఊళ్ళో క్లినిక్కు నర్సమ్మకీ తప్ప మూడో మనిషికి తెలియదు.

మూడో మనిషి, అంటే రోహిణి మొగుడు, ముందు సీట్లో స్టీరింగు పట్టుకుని పాట పాడుతున్నాడు. ధర్మేన్‌కి టైర్ల కొట్టు ఉంది, టైరంత పొట్టా ఉంది. పాట ఆపినప్పుడల్లా ఒకటే మాట.

"నవంబరులో ఆర్తిక పెళ్ళి అయిపోనీ. ఆ తర్వాత మనిద్దరం గాలిపటాలమే రోహీ. వంట మానెయ్. కొట్టు మూసేస్తా. చిన్న పడవ కొంటా. నువ్వు గొడుగు వేసుకుని కూర్చో, నేను చేపలు పడతా."

"చేపలు నిన్ను పడతాయి," అంది పక్కన కూర్చున్న సుమింత్ర. ఆవిడ ధర్మేన్ అక్కయ్య. అవతలి దీవిలోని లంబాసా నుంచి నిన్ననే పడవ దిగింది, దిగినప్పట్నుంచీ నోటికి విశ్రాంతి ఇవ్వలేదు. నలుగురు పిల్లల్ని కని, తొమ్మిదిమంది మనవల్ని చేతుల్లోకి అందుకున్న మనిషి. ఆడపిల్ల నడక చూసి ఎన్నో నెలో చెప్పగలనని ఆవిడ నమ్మకం. లంబాసాలో ఆ నమ్మకాన్ని కాదనే ధైర్యం ఎవరికీ లేదు.

అందుకే రోహిణి వెనక సీట్లో కూర్చుంది. వీలైనంతవరకు నడవకుండా ఉంది.

నలభై మూడేళ్ళు వచ్చాక, కూతురి పెళ్ళికి పసుపు దంచాల్సిన ఏడాదిలో నెల తప్పింది. నర్సమ్మ డిసెంబరు మొదటివారం అని చెప్పింది. పెళ్ళి నవంబరు ఆఖర్లో. అంటే మంటపంలోకి పెళ్ళికూతురి కన్నా ముందు పెళ్ళికూతురి తల్లి పొట్ట వస్తుంది. వియ్యాలవారు ఎటు చూడాలో తెలియక పైకప్పు చూస్తారు. బా బజారంతా నవ్వుతుంది. అది సరే, బజారు ఎప్పుడూ నవ్వుతూనే ఉంటుంది. గాలిపటం అవుతానని రోజూ పొద్దున్నే పాట పాడే ఈ మనిషికి, నీ దారం మళ్ళీ ఇరవై ఏళ్ళు గుంజకి కట్టేశాను అని ఎలా చెప్పడం? చెబితే ఆ మొహం ఎలా మారుతుంది? ఆ మొహాన్ని చూడలేకే ఆవిడ ఇన్నాళ్ళూ నోరు కుట్టేసుకుంది.

"అమ్మా, ఇంకోటి కావాలా?" ఆర్తిక సంచీలోంచి చిన్న పొట్లం తీసింది. చైనావాళ్ళ కొట్లో అమ్మే ఉప్పుపళ్ళు. ఎర్రగా, ఎండిపోయి, నోట్లో వేసుకుంటే చెవుల దాకా పులుపు ఎక్కేవి.

"నెమ్మదిగా. మీ అత్త చూస్తుంది," అని గొణిగింది రోహిణి.

"చూస్తే ఏం? మిఠాయే కదా."

అత్త చూడనే చూసింది. ముందు అద్దంలో ఆవిడ కళ్ళు పొట్లం మీద ఆగాయి, పొట్లం పట్టుకున్న చెయ్యి మీదకి వెళ్ళాయి. ఆ చెయ్యి ఆర్తికది.

పైన్ అడవి మధ్యలో బండి ఆపారు. దారికి రెండు పక్కలా చెట్లు దువ్వెన పళ్ళలా బారులు తీరి ఉన్నాయి. ధర్మేన్ బండి వెనక తలుపు దించి దాన్నే బల్ల చేశాడు. సుమింత్ర పొట్లాలు విప్పింది. రొట్టెలు, చింతపండు పచ్చడి, డబ్బా చేపల కూర. చేపల కూర వాసన గాలితో పాటు వచ్చి రోహిణి ముక్కు మీద కొట్టింది.

"ఇప్పుడే వస్తా," అని ఆవిడ చెట్ల మధ్యకి నడిచింది. నడిచిందంటే అది మర్యాదకి చెప్పే మాట. నాలుగో చెట్టు వెనక వంగి పొద్దుటి రొట్టెకి వీడ్కోలు చెప్పింది.

తల్లికేమైందోనని ఆర్తిక వెనకే పరిగెత్తింది. ఆ పిల్లకి చిన్నప్పటినుంచీ మలుపుల దారి పడదు. దానికి తోడు ఎదుటివాళ్ళు కక్కితే తనూ కక్కే రకం. మూడో చెట్టు దగ్గరే ఆగిపోయి, చెట్టు పట్టుకుని, తన వంతు ముగించింది.

బండి దగ్గర నిలబడ్డ సుమింత్రకి మూడో చెట్టు కనబడుతుంది. నాలుగో చెట్టు కనబడదు.

ధర్మేన్ తినడంలో మునిగి ఉండగా ఆవిడ రోహిణి మోచెయ్యి పట్టుకుని పక్కకి లాక్కెళ్ళింది.

"నువ్వు తల్లివేనా? కళ్ళున్నాయా నీకు?"

రోహిణి చున్నీ కొసతో మూతి తుడుచుకుంది. "ఏమైంది వదినా?"

"ఏమైందా! పుల్లటివి తింటున్నదెవరు? చేపల వాసనకి కక్కుతున్నదెవరు? నిన్న మధ్యాహ్నం నేను వచ్చేసరికి చాప మీద పడి నిద్రపోతున్నదెవరు?"

మూడింటికీ ఒకటే జవాబు. నిన్న మధ్యాహ్నం ముసుగు తన్ని నిద్రపోయింది కూడా రోహిణే. ఆర్తిక లోపలి గదిలో కూర్చుని ఫోను చూస్తోంది, అంతే.

"పిల్లకి మలుపులు పడవు వదినా, చిన్నప్పటి నుంచీ..."

"మలుపుల మాట నాకు చెప్పకు. నలుగుర్ని కన్నాను. మీ కాబోయే అల్లుడు, ఆ నాందీ కుర్రాడు, ప్రతి ఆదివారం మీ ఇంటికొచ్చి టీ తాగుతున్నాడంటే టీకే వస్తున్నాడనుకున్నావా? పెళ్ళి నవంబరు దాకా ఆగదు. వచ్చే నెల్లో చేసెయ్యాలి. నేను ధర్మాతో మాట్లాడతా."

"వద్దు!" ఆ అరుపుకి చెట్టు మీది చిలక ఎగిరిపోయింది. రోహిణి గొంతు తగ్గించింది. "ఆయనతో ఇప్పుడు వద్దు వదినా. బండి నడపాలి. దారి మంచిది కాదు."

"సరే, దారి దిగాక."

నేనే వదినా, అనడానికి అదే అదను. రోహిణి నోరు తెరిచింది కూడా. లోపలినుంచి మాటకి బదులు ఇంకేదో వచ్చేలా ఉండి మూసేసింది. బండి మళ్ళీ కదిలాక అడవి దట్టమైంది, పైన్ చెట్లు పోయి నల్లగా, లావుగా, నాచు పట్టిన చెట్లు దారి మీదకి వంగాయి. ఆర్తిక కిటికీలోంచి తల బయటపెట్టి, "నాన్నా, ఎంత చల్లగా ఉందో!" అని కేరింతలు కొట్టింది. "తల లోపల పెట్టు. చల్లగాలి మంచిది కాదు ఇప్పుడు," అని సుమింత్ర 'ఇప్పుడు'ని నొక్కి పలికింది. రోహిణి కళ్ళు మూసుకుని నిద్ర నటించింది. నటిస్తూ నిజంగానే నిద్రపోయింది.

లోయలోకి దిగి, బండి ఏటి ఒడ్డున వదిలి, వెదురు తెప్ప మీద అవతలికి దాటారు. ధర్మేన్ ఎక్కగానే తెప్ప ఆయన వైపుకి వంగింది. తెప్ప నడిపే మనిషి మర్యాదగా ఆయన్ని నడిమధ్య కూర్చోబెట్టి, మిగతా ముగ్గురినీ చివరలకి సర్ది, తూకం సరిచూసుకున్నాడు. అతని పేరు సకియుసా. గుహ చూపించేదీ అతనే. ఆ నేల మూలవాసే అయినా, లోయలో అందరిలాగే మన భాష మనకన్నా బాగా మాట్లాడతాడు. మనకన్నా బాగా వెక్కిరిస్తాడు కూడా.

గుహకి పెద్ద, పూజారి లాంటి ముసలాయన, ముందు గుడిసెలో చాప మీద కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు యాంగోనా, అంటే దంచి నీళ్ళలో కలుపుకుని తాగే మత్తు వేళ్ళు, పెట్టి అనుమతి అడగకుండా లోపలికి ఎవరూ వెళ్ళరు. ధర్మేన్ నాందీ బజారులో కొన్న వేళ్ళకట్ట పెట్టాడు. సుమింత్ర సంచీలోంచి తన పొడి పొట్లం తీసి దాని పక్కనే పెట్టింది.

"అక్కా, పొడి ఇస్తారా ఎవరైనా? వేళ్ళు ఇవ్వాలి."

"నీ వేళ్ళు మూలన పడేస్తారు. ఇది లంబాసా సరుకు. చూడు."

ముసలాయన ప్రార్థన లాంటిది చదివి, రెండూ పుచ్చుకుని, లంబాసా పొడినే గిన్నెలో కలపమన్నాడు. సుమింత్ర తమ్ముడి వైపు చూసిన చూపుకి ఇంకో మనిషైతే సిగ్గుపడేవాడు. ధర్మేన్ మాత్రం చప్పట్లు కొట్టి కొబ్బరిచిప్ప అందుకున్నాడు. మర్యాదకి ఒకటి. ముసలాయన మర్యాదకి ఇంకొకటి. అక్కయ్య సరుకు కాబట్టి మరోటి. లేచేటప్పటికి ఆయన నాలుక మొద్దుబారింది, పొట్ట చెరువైంది.

గుహ నోట్లో చన్నీళ్ళు మోకాలి దాకా ఉన్నాయి. లోపల గబ్బిలాల కంపు. సకియుసా పెద్ద లైటుతో ముందు నడిచాడు. ధర్మేన్ చేతిలో టార్చి. పైనుంచి వేలాడే రాళ్ళని చూసి ఆర్తిక "అబ్బ!" అన్నప్పుడల్లా, "కాలు చూసుకో, కాలు చూసుకో," అంది సుమింత్ర. కాలు జారింది రోహిణికి. ఎవరూ చూడలేదు.

నడక ఒక గోడ దగ్గర ఆగింది. గోడ అడుగున, నేలకి కాస్త పైన, అడ్డంగా ఒక సందు. మనిషి బోర్లా పడుకుని పాకితేగాని దూరలేడు. సకియుసా లైటు గడ్డం కింద పెట్టుకున్నాడు. ఇది అతనికి ఇష్టమైన చోటని చూస్తేనే తెలిసిపోయింది.

"అవతల పెద్ద గది ఉంది, మా తాతలు యుద్ధంలో దాక్కున్న గది. వెళ్ళడానికీ రావడానికీ ఇదొక్కటే దారి. అయితే ఒక కట్టుబాటు ఉంది. నెల తప్పి, ఆ సంగతి దాచుకున్న ఆడమనిషిని ఈ సందు వదలదు. ఎంత సన్నగా ఉన్నా సరే, పట్టేస్తుంది. నిజం చెప్పేస్తే అప్పుడు వదులుతుంది. ఇక్కడెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పండమ్మా, నాకు లాగే పని తప్పుతుంది."

ధర్మేన్ గుహ మారుమోగేలా నవ్వాడు. ఆర్తిక నవ్వింది. సుమింత్ర నవ్వలేదు. దేవుడే తీర్పు చెప్పే చోటికి తీసుకొచ్చాడన్నట్టు చేతులు జోడించి, "ఆర్తికా, నువ్వు వెళ్ళు ముందు," అంది.

"నేనా? సరే."

"ఆ పిల్ల ఎందుకు వదినా, బురద..." అని రోహిణి అడ్డం పడింది. కానీ సకియుసా పాకి అవతలికి వెళ్ళిపోయాడు, అతని వెనకే ఆర్తిక అప్పటికే నేల మీద పడుకుంది. రెండు కదలికలు, ఆ పిల్ల ఏట్లో చేపలా అవతల తేలింది.

"వచ్చేశా! అత్తా, సూపర్‌గా ఉంది, రా!"

సుమింత్ర మొహంలో ముందు ఊరట కనిపించింది, ఆ వెంటనే కొంచెం నిరాశ కూడా. ఎండుచేపలాంటి మనిషి, ఆవిడా అవలీలగా దూరిపోయింది.

ఇవతల ఇద్దరు మిగిలారు.

"నేను ఇక్కడే కూర్చుంటానండీ. మీరు చూసి రండి."

"ఇంతదూరం వచ్చి? భయమా? నేను ముందు వెళ్తా. నా వెనకే రా, నేను దూరిన సందులో నువ్వు దూరలేవా?" అని టార్చి ఆవిడ చేతిలో పెట్టి ధర్మేన్ బోర్లా పడుకున్నాడు. తల వెళ్ళింది, భుజాలు వెళ్ళాయి. ఆ తర్వాత వెళ్ళాల్సింది మాత్రం వెళ్ళలేదు.

టార్చి వెలుగులో రోహిణికి రెండు కాళ్ళు కనిపిస్తున్నాయి. అవి కాసేపు నేలని తన్నాయి. తర్వాత ఆగాయి.

"ఆఁ," అంది రాతిలోంచి ఆయన గొంతు. "ఇదేదో... ఇరుకుగా ఉందే."

అవతల సకియుసా సంబరం ఇంతా అంతా కాదు. "అయ్యో సారూ! ఎన్నో నెల? ముందే చెప్పొచ్చుగా!"

ఆర్తిక పకపకా నవ్వింది. "నాన్నా, ఒప్పేసుకో నాన్నా! తమ్ముడా చెల్లెలా?"

"నవ్వకే పిల్లా, పొట్ట నొప్పెడుతోంది! లాగవయ్యా!"

"లాగుతున్నా సారూ. ఊపిరి బిగబట్టకండి, వదలండి."

"వదులుతున్నా! పోవట్లేదు!"

ఈ గోలలో సుమింత్ర గొంతు ఒక్కటే నవ్వకుండా లేచింది. ఆవిడ లెక్క మళ్ళీ కుదిరింది. "నవ్వులాట కాదు ఇది. పిల్ల కాబట్టి రాయి జాలిపడి వదిలింది. ఇంటి పెద్దని పట్టుకుంది. ఇంట్లో దాపరికం ఉంటే ఇంటి పెద్దనే పట్టుకుంటుంది. ఆర్తికా, నిజం చెప్పు. మీ నాన్న ప్రాణం మీదకి వచ్చింది. పొద్దుట్నుంచీ చూస్తున్నా. ఉప్పుపళ్ళు, వాంతులు..."

"అత్తా! ఏం మాట్లాడుతున్నావ్?"

"ఆ నాందీ కుర్రాడితో..."

"అత్తా!" ఆర్తిక గొంతు విరిగింది. నవ్వుతున్న పిల్ల ఒక్క క్షణంలో ఏడుపుకి వచ్చేసింది. "ఈ పరాయి మనిషి ముందు... నాన్న ముందు... ఆ పళ్ళు నావి కూడా కాదు!"

"ఎవరివే మరి?"

కూతురు తల్లి పేరు చెప్పలేదు. పళ్ళే కదా, చెబితే ఏమవుతుందో ఆ పిల్లకేం తెలుసు? అయినా చెప్పలేదు.

రోహిణి మోకాళ్ళ మీద కూర్చుంది. ఎదురుగా మొగుడి పాదాలు. నోరు ఆ పాదాల దగ్గర పెట్టి గట్టిగా అంది.

"దాన్నేమీ అనకండి వదినా. ఆ పళ్ళు నావి. వాంతీ నాదే."

"నీవేంటి?"

"నాకే. నెల తప్పింది నాకే. రాయి పొరబడి నా బదులు ఆయన్ని పట్టుకుంది."

గుహలో ఎక్కడో నీటిచుక్క పడింది. తర్వాత ఇంకోటి పడింది.

రోహిణి పాదాల వైపే చూస్తోంది. ఇరవైరెండేళ్ళ కాపురంలో ఆయన మొహం చదవడం నేర్చుకుంది గానీ పాదాలు చదవడం నేర్చుకోలేదు. ఎడమ బొటనవేలు ఒకసారి పైకి లేచింది. అంటే ఏమిటి?

"ఏవండీ. విన్నారా?"

రెండు బొటనవేళ్ళూ లేచాయి. ఆ తర్వాత కాళ్ళు వణకడం మొదలెట్టాయి. ఆయన నవ్వుతున్నాడో, ఏడుస్తున్నాడో, రాయి కింద ప్రాణం పోతోందో. ఒక పెద్ద నిట్టూర్పు, ట్యూబులోంచి గాలి పోయినట్టు. సకియుసా "ఇప్పుడు!" అని అరిచాడు. జుర్రున శబ్దం వచ్చింది. పాదాలు మాయమయ్యాయి.

సందు ఖాళీ అయింది. రోహిణి టార్చి పట్టుకుని ఒక్కతే మిగిలింది. అవతలినుంచి గుసగుసలు, ఆయన రొప్పు.

"అమ్మా," అంది చివరికి ఆర్తిక. "నిజంగానా?"

"నిజమే."

"నా పెళ్ళికి ఎన్నో నెల అవుతుంది?"

"తొమ్మిదో నెల."

"అయితే మంటపంలో నీకు కుర్చీ వేయించాలి," అంది ఆర్తిక ముక్కు ఎగబీలుస్తూ. "మామూలు కుర్చీ కాదు. చేతులున్నది."

"ఎవరైనా ఒక్క మాట అననీ," అని సుమింత్ర గొంతు పెంచింది. "నేను చూసుకుంటా."

"ఇప్పటిదాకా అన్నది నువ్వే కదత్తా!"

"నేను పెళ్ళి ముందుకు జరపమన్నా, అంతే. లెక్క తప్పలేదు. మనిషి తప్పింది. అయినా నువ్వు చెట్టు వెనక్కి ఎందుకెళ్ళావు రోహిణీ? నా ముందు కక్కి ఉంటే అప్పుడే చెప్పేదాన్నిగా!"

రోహిణి చెవులు రెండూ ధర్మేన్ గొంతు కోసమే వెతుకుతున్నాయి. బదులుగా బట్ట రాతికి రాసుకుంటున్న చప్పుడు వచ్చింది.

"సారూ, ఎక్కడికి? ఇప్పుడేగా లాగాను!"

సందులోంచి ముందు ఒక చెయ్యి వచ్చింది. తర్వాత రెండోది. తర్వాత తల. బురదలో ముంచి తీసినట్టున్న తల. భుజాలు వచ్చాయి, ఆపైన యథాప్రకారం ఆగిపోయింది.

ఈసారి మొహం ఇటువైపు ఉంది. రోహిణి టార్చి ఎత్తింది.

"కళ్ళలో కొట్టకే," అన్నాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. లైటు పడకముందు నుంచే ఎర్రగా ఉన్నాయి. ముక్కు మీద బురద, బురదలో రెండు తడి చారలు. నోరు మాత్రం చెవుల దాకా సాగిపోయి ఉంది, మూయడం చేతకానట్టు.

"ఎప్పుడు తెలిసింది?"

"ఈస్టరు సెలవుల్లో."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరేమో గాలిపటాలంటారు, పడవంటారు. రోజూ అదే పాట. ఎలా చెప్పను?"

ధర్మేన్ ఆవిడ వైపు నిజంగా ఆశ్చర్యంగా చూశాడు. "ఇరవైరెండేళ్ళుగా వాగుతున్నా. పైకప్పు వెయ్యొద్దంటే వేయించావు. మేకని కొనొద్దంటే కొన్నావు. ఒక్కరోజన్నా నా మాట విన్నావా? వినక వినక ఇప్పుడా వినడం?"

రోహిణికి నవ్వు రాబోయి ఏడుపు వచ్చింది. చున్నీ కొసతో ఆయన కళ్ళ మీద బురద తుడవబోయింది. అది ఇంకాస్త పులుముకుంది.

"భయంగా ఉంది నాకు," అంది. "ఈ వయసులో."

"నాకూ ఉంది," అన్నాడు ఆయన. "అందుకే వచ్చా. అక్కడ నిలబడి భయపడటం బాగా లేదు."

వెనకనుంచి సకియుసా పిలిచాడు. "సారూ, మళ్ళీ పట్టేసిందా? ఈసారి ఏం దాచారు?"

"ఏమీ దాచలేదయ్యా. మీ పెద్దాయన పోసిందే ఉంది లోపల. కాసేపు ఇలాగే ఉండనీ." ఆయన చేతులు చాచి రోహిణి రెండు చేతులూ పట్టుకున్నాడు, లాగమన్నట్టు కాదు.

"ఇలాగే ఉండటమేంట్రా?" సుమింత్ర అరుపు గది నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చింది. "ఉన్నది ఒక్కటే దారి, దానికి నువ్వు బిరడాలా అడ్డం పడ్డావు! మేం బయటికి ఎలా రావాలి? ఒరేయ్ ధర్మా! పిల్లకి ఆకలేస్తోంది!"

"నాకేం వేయట్లేదు అత్తా."

"నీకు కాదే, నాకు!"

రోహిణి టార్చి పక్కన పెట్టి, బురదలోనే కాళ్ళు చాపుకుని, ఆయన తల ఆనేలా తొడ జరిపి, హాయిగా కూర్చుంది.